అరువు ముక్కు

నెల్లూరు ఆటోనగర్, మూడో వీధి.
నాలుగు స్టాండ్ల మీద జిలానీ బాషా ఎస్టీము.
తొంభై ఏడు మోడలు. బానెట్ కింద మాత్రం
ఎక్కడో గుద్దుకున్న ఇంకో బండి గుండె,
దాని పక్కన నత్తగుల్లలా ముడుచుకున్న టర్బో.
దాహం రెట్టింపయింది,
పాత పైపు గొంతు చాలదు.

"ఈ బుడ్డ మూతికి పన్నెండొందలా అన్నా?"
వేలెడు లేని నీలం ముక్కని
అరచేతిలో ఎగరేసి పట్టుకుంటాడు.
"రొయ్యల గుంటల కాడ మా నాయన
రబ్బరు పైపు తొడిగి క్లిప్పు బిగిస్తే
ఇరవై ఏళ్ళు నడిచినయ్యి ఇంజన్లు."

నిజమే. అల్లూరు గుంటల మీద
అట్టాంటి క్లిప్పులు నేనూ బిగించినోణ్ణే.
అది డీజిలు. కారితే గట్టు నల్లబడేది, అంతే.
పెట్రోలు అట్టా కాదబ్బా,
కారిన చోట ఉండదు.
పైగా ఇప్పుడు దాంట్లో చెరకు సారా కలుస్తా ఉంది,
పాత రబ్బరుని లోపల్నించి నమిలేస్తది.

ఇంకోటి కూడా ఉంది, వాడికి చెప్పలేదు.
మూడేళ్ళ కింద, బిట్రగుంట దాటినాక
రోడ్డు వార కాలిపోయిన తెల్ల కారు.
అందరూ దిగారు. చెప్పులు వెతుక్కునే తీరిక కూడా దొరికిందంట.
క్లిప్పు నాది.
ఎవురూ వచ్చి అడగలా.
అడిగుంటే ఒక్కసారి చెప్పి ఊరుకునేవాణ్ణి.

ట్యాంకు పక్క మర పద్నాలుగు మిల్లీమీటర్లు,
కొన్న ఫిట్టింగు అంగుళాల లెక్క.
చూపుకి కవల పిల్లలు.
రెండు చుట్లు నవ్వుతా తిరిగి
మూడో చుట్టుకి మొరాయించింది.
స్పానరు అందుకుంటే ఎక్కేదే.
ఎక్కించడం నాకు బాగా తెలుసు, అదే భయం.
వెనక్కి తిప్పి తీసేశా.
మద్రాసు నించి అడాప్టరు రావడానికి తొమ్మిది రోజులు.
తొమ్మిది రోజులూ జిలానీ ఫోను.

కోసే చోట టేపు చుట్టి సన్న బ్లేడుతో కోశా.
అయినా స్టీలు అల్లికలో ఒక పోగు
చూపుడు వేల్లో దిగి విరిగింది.
ముందు నట్టు తొడగాలి.
మరిచిపోతే అంతా విప్పాల,
మరిచిపోయా, విప్పా.
అల్లికని పువ్వులా విప్పి
లోపలి తెల్ల గొట్టానికి ఇత్తడి ఉంగరం పెట్టి
మొనని నొక్కుతా ఉంటే
మోకాళ్ళు కూడా సాయం పట్టినయ్యి.
మరకి రెండు చుక్కల ఆయిలు.
టేపు చుట్టబోయాడు జిలానీ, చెయ్యి మీద కొట్టా.
ముప్పై ఏడు డిగ్రీల ఏటవాలు మీద
లోహమూ లోహమూ ఆనుకుంటేనే ఆగేది.
మధ్యలో ఏం దూర్చినా అబద్ధమే.

సాయంత్రం తాళం తిప్పి పంపు మాత్రం మోగించాం.
పైపులు ఒక్కసారి బిగుసుకున్నాయి.
కింద పరిచిన నిన్నటి పేపరు పొడిగానే ఉంది.
నేను లేవలేదు.
ముప్పై ఏళ్ళ పెట్రోల్లో
నా ముక్కు ఎప్పుడో చచ్చిపోయింది.
మల్లెపూలైనా, గ్రీజైనా నాకొకటే.

"రవణమ్మా, పొయ్యి ఆర్పి ఇట్టా రా."
"మంచి బేరాలప్పుడు పొయ్యి ఆర్పమంటావా సామీ?"
తిట్టుకుంటానే గ్యాసు కట్టేసి,
పెనం మీద సగం కాలిన దోసె వదిలి,
కొంగు దోపుకోని కారు కిందకి వంగింది.
ట్యాంకు కాడ పీల్చింది. వంపు కాడ పీల్చింది.
ఇంజను కాడ కళ్ళు మూసుకోని
ఇంకొంచెంసేపు పీల్చింది.

"ఏం లేదబ్బా. నా చేతుల ఉల్లిపాయ కంపే."

జిలానీ తాళం మీద చెయ్యేశాడు.
బండి కాడికెళ్ళి లైటరు పట్టుకోని
"ఎలిగించుకోనా?" అని అరిచింది రవణమ్మ.

ఉండమని చెయ్యి చూపించి
ఆ పేపరు ఇంకోసారి తడిమి చూశా.